ఏడో లీవర్ రింగు

దయ్యాలున్నయంటే నేను ఏనాడూ నమ్మలే. అవ్వ నాకు ఇంట్లనే బైబిల్ ముందర పెట్టి అక్షరాలు నేర్పింది. భయమైతే ప్రార్థన చేసుకోవాలె అన్నది, అంతే. అందుకే ఇది జరిగింది జరిగినట్టే రాస్తున్న.

మా బాపు ఆసిఫాబాద్ దిక్కు ఒక చిన్న స్టేషన్‌ల కేబిన్‌మన్. ఆ కేబిన్ నైజాం కాలంల కట్టింది. కింద రాతి గోడలు, పైన టేకు గది, మూడు దిక్కుల అద్దాలు. లోపల వరుసగా ఇనుప లీవర్లు. ఒకటి గుంజితే సిగ్నల్ పడేది, ఇంకోటి గుంజితే కింద పట్టా జరిగి బండి పోయే లైను మారేది. చెమటకు తుప్పు పడుతదని బాపు వాటిని ఉత్త చేతులతోని ముట్టేటోడు కాదు, గుడ్డతోనే పట్టేటోడు.

పట్టాల మీద మనిషి పని చేస్తుంటే, ఎవరూ గుంజకుండ లీవర్ పిడికి ఇనుప రింగు తొడిగేటోడు. కిటికీల నుంచి చూసి, కింది మనిషిని పిలిచి, ఆ మనిషి జరిగినంకనే రింగు తీసేటోడు.

బాపు ప్రభువు దగ్గరికి పోయి తొమ్మిదేండ్లు. కేబిన్ అంతకు ముందే మూతబడ్డది. మొన్న ఎండాకాలం దాన్ని కూలగొడుతున్నరని తెలిసి, అడిగి పర్మిషన్ తీసుకొని, నేనూ తమ్ముడూ చూడబోయినం. మిట్టమధ్యాహ్నం.

నేను పైకెక్కిన. లీవర్లన్నీ తుప్పు పట్టినయ్. ఏడోదానికి రింగు అట్లనే ఉన్నది. తమ్ముడు కింద కేబిన్ ముందర, రైళ్లు రాని పాత లైను మీద, పట్టా మారే చోట నిలబడి ఫోటోలు తీస్తుండు.

"అక్కా, బాపు లెక్క నిలబడు. బండి లేటైతే నిన్నే తిడుతరు," అన్నడు.

యాదికి ఉంటదని రింగు తీసిన. కిటికీల నుంచి చూడలే. తమ్ముణ్ణి పిలువలే.

లీవర్ దానంతటదే అటు పడ్డది. కాళ్ల కింద చెక్కలు అదిరినయ్. బయట ఇనుము ఇనుమును కొట్టిన చప్పుడు.

ఉరుక్కుంట దిగిన. తమ్ముడు కంకర మీద కూసున్నడు, ఒక కాలికి చెప్పు లేదు. ఆ చెప్పు పట్టాల సందుల నలిగి ఉన్నది. ఇద్దరం గుంజినా రాలే.

"చిన్నోడా జరుగు అని బాపు పిలిచిండక్కా. అందుకే కాలు తీసిన," అన్నడు.

లీవర్ నుంచి పట్టా దాక పోయే ఇనుప కడ్డీని ఎన్నడో కోసి తీస్కపోయిన్రు. దాని జాగల గడ్డి మొలిచింది. ఆ దారంతా ఇద్దరం నడిచి చూసినం. పైకెక్కి లీవర్‌ను ఇద్దరం కలిసి నూకినం. ఇసుమంత కదల్లే.

కిటికీల నుంచి చూసి, కొంగుతోని పట్టి, రింగు మళ్ల తొడిగి వచ్చిన.

తమ్ముడు ఈయాల రెండు కాళ్ల మీద నడుస్తుండు. రోజూ ప్రార్థనల దానికి స్తోత్రం చెప్పుకుంట. పిలిచింది బాపే అంటడు, నేను కాదనను. కని లీవర్ గుంజింది ఎవరో నాకు ఇప్పటికీ తెల్వదు.