ఇసుకలో చెరిగిన దూకు

ఏడాది చివరి వారంలో మా పేపరువాళ్ళు ఆటల పేజీ ఒకటి నిండుగా వేస్తారు. ఆ ఏడు ఆటల్లో మరపురాని పది ఘట్టాలు, పది ఫోటోలు, ఒక్కో ఫోటో కింద నాలుగు ముక్కలు. ఆ ఏడాది పదింట్లో నాలుగు మా స్టేడియంలోనే జరిగాయి. ఆ నాలుగింటినీ దగ్గరుండి చూసిన మనిషి ఎవరయ్యా అంటే, ఫోటోలు తీసినవాడూ కాదు, అద్దాల గదిలో కూర్చుని గొంతు చించుకునేవాడూ కాదు, మా అక్క. అయితే నన్నడిగితే అన్నింటికన్నా పెద్దది ఆ పేజీలో లేదు. ఉండటానికి వీల్లేదు. దాన్ని మా అక్కే తన చేతులతో చెరిపేసింది.

నేను ఆ స్టేడియంలో గీతలు గీసేవాణ్ణి. తెల్లరంగు బండి తోసుకుంటూ ఫుట్‌బాల్ మైదానానికీ, పరుగుల బాటకీ గీతలు వేయడం నా పని. ఇరవై రెండేళ్ళ కిందట అక్కను అక్కడికి తీసుకొచ్చింది నేనే. మా బావ దర్జీ. ఆయన కత్తెర కన్నా నాలుక ఎక్కువ ఆడుతుంది. వచ్చినవాళ్ళకు కబుర్లు కుట్టి పంపేవాడు గానీ చొక్కాలు కుట్టి ఇచ్చింది తక్కువ. ఇల్లు గడవాలి కదా అని అక్క పనిలో చేరింది. లాంగ్ జంప్ ఇసుకగుంట ఆమెకు అప్పజెప్పారు.

పని వినడానికి చాలా తేలిక. ఆటగాళ్ళు దూకుతారు, ఇసుక చెదురుతుంది, పళ్ళున్న దంతెతో అక్క దాన్ని మళ్ళీ చదును చేస్తుంది. అంతే. కానీ దానికో వరస ఉంది. ముందు జెండా చూడాలి. ఎర్రజెండా ఎత్తితే ఆ దూకు చెల్లదు, వెంటనే చదును చేసేయొచ్చు. తెల్లజెండా ఎత్తితే మటుకు కదలకూడదు. ఇసుకలో పడ్డ గుర్తు దగ్గర మేకు గుచ్చుతారు, టేపు లాగుతారు, బోర్డు మీద అంకె పడుతుంది. అప్పుడే దంతె ఇసుకను తాకాలి. కొత్తగా చేరినవాళ్ళకు అక్క ఈ వరస ఎక్కాల్లా అప్పజెప్పించేది.

ఇంకో సంగతి. అక్క కళ్ళతోనే కొలిచేది. మడమ ఇసుకలో పడగానే అంకె గొణిగేది. తర్వాత టేపు లాగితే ఒక వేలు అటూ ఇటూ, అంతకు మించి తేడా వచ్చింది నేను చూడలేదు. మొదట్లో మేమంతా ఎగతాళి చేశాం. మా మేస్త్రి ఒకసారి వారం రోజులు పట్టుబట్టి పరీక్షించి, ఆఖరికి దండం పెట్టి వదిలేశాడు. ఎవరైనా గొప్పగా దూకిన రోజు అక్క సాయంత్రం దాకా ముద్ద ముట్టేది కాదు. ఎందుకే అంటే, "కడుపు నిండిపోయిందిరా" అనేది.

ఇక మిడత సంగతి. మిడత అని పేరు పెట్టింది నేనే. బక్కపలచటి పిల్ల, ఒంట్లో ఉన్నదంతా కాళ్ళే. ఇరవై రెండేళ్ళుంటాయి. పొద్దున్న పాల ప్యాకెట్లు వేసి, ఆ తర్వాత సాధనకు వచ్చేది. ఆ ఏడాది మొదట్లో జరిగే పోటీలో ఆరు మీటర్ల తొంభై దాటితే ఓ పెద్ద క్లబ్బు ఆమెను తీసుకుంటానంది. తీసుకుంటే ఇక పాల ప్యాకెట్లు ఉండవు, ఆటే బతుకు. దాటకపోతే ఏడాది చివరి పోటీ దాకా ఆగాలి. అది ఆఖరి అవకాశం.

ఆ పోటీలో మిడత ఆఖరి దూకు వంతు వచ్చేసరికి గాలి తిక్కతిక్కగా వీస్తోంది. ఆమెకు ముందు దూకిన నలుగురూ, కాలు మోపి లేవాల్సిన చెక్కపలక దాటి కాలేశారు. వరసగా నాలుగు ఎర్రజెండాలు. అక్క వరసగా నాలుగుసార్లు, వాళ్ళు లేచీ లేవగానే ఇసుక చదును చేసింది. తర్వాత మిడత పరిగెత్తింది.

నేను పది గజాల దూరంలో బండి ఆపుకుని ఉన్నాను. నా కళ్ళతో చూశాను కాబట్టి చెబుతున్నాను, ఆ పిల్ల దూకలేదు. నేల ఆమెను వదిలేసింది. ఎంతసేపు పైన ఉందో తెలియదు, నాకు మాత్రం ఊపిరి బిగబట్టి గుండె నొప్పెట్టింది. ఎవరూ ఎప్పుడూ చేరరని అక్క నిలబడే చోటుంటుంది, దాని దగ్గర దాకా వచ్చి పడింది. ఎగిరిన ఇసుక అక్క మోకాళ్ళకు కొట్టింది. అక్క నోరు తెరుచుకుని ఆ గుర్తునే చూస్తోంది. తెల్లజెండా లేచింది. అక్క జెండా వైపు చూడలేదు. మనసు ఇంకా గాలిలోనే ఉంది, చేతులు మాత్రం అప్పటిదాకా చేస్తున్న పని చేసుకుపోయాయి. మేకు పట్టుకుని అధికారి నాలుగడుగులు వేసేలోగా ఇసుక నున్నగా అయిపోయింది.

చెరిపిందెవరని అధికారి అడిగాడు. "నేనే" అంది అక్క. ఇంకో మాట చెప్పుకోలేదు. గాలి అనలేదు, ఎర్రజెండాలు అనలేదు. నేనే ఉండబట్టలేక ముందుకు ఉరికి, ఎంత దూరమో మా అక్కకు తెలుసు, అడగండి అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, కళ్ళతో కొలిచేటట్టయితే టేపు ఎందుకయ్యా అన్నాడు. న్యాయమే. నాకు ఒళ్ళు మండింది గానీ న్యాయమే.

నిబంధన ప్రకారం మిడతకు ఇంకో దూకు ఇచ్చారు. కాళ్ళలో ఉన్నదంతా ఆ చెరిగిన దాంట్లోనే పెట్టేసింది పాపం. ఆరు డెబ్బై రెండు. క్లబ్బువాళ్ళు లేచి వెళ్ళిపోయారు. మిడత బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, అక్క వైపు ఒక్కసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేది.

మేస్త్రి మంచివాడు, పొరపాటు ఎవరికైనా జరుగుతుందిలే అన్నాడు. అక్కే ఒప్పుకోలేదు. దంతె కడిగి, సామాన్ల గదిలో మూలన నిలబెట్టి, ఇంకేదైనా పని చెప్పమంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని నేను సర్దిచెప్పబోయాను. ఆ దూకు ఎంతో చెప్పమని కూడా అడిగాను. చెప్పలేదు. కొలవకుండా చేసినదానికి అంకె చెప్పే నోరు తనకు లేదంది. ఆ తర్వాత తొమ్మిది నెలలు ఆ గుంట వైపు వెళ్ళలేదు. చుట్టూ తిరిగి దూరమైనా సరే, వెనక గేటు నుంచి వచ్చేది.

విచిత్రం ఏమిటంటే, గుంట వదిలాకే అక్కకు మిగతా ఆటలు కనబడ్డాయి.

మొదటిది ఫుట్‌బాల్ ఫైనలు. అక్కను గోలు వెనక బంతులు ఏరే పనిలో పెట్టారు. ఇంకో నిమిషంలో ఆట అయిపోతుంది, మా జట్టు ఒక గోలు వెనకబడి ఉంది. అప్పుడు మా గోల్‌కీపరు, నలభైకి దగ్గరపడ్డ మనిషి, తన గోలు ఖాళీగా వదిలేసి మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెత్తాడు. అందరికన్నా పైకి లేచి తలతో కొట్టాడు. బంతి వల్లో పడి అక్క కాళ్ళ ముందు ఆగింది. నలభై వేల మంది లేచి నిలబడితే మా అక్క కూలబడింది. ఆ వయసులో నేల మీంచి ఎంత లేచాడో చూశావా అని నన్ను పదిసార్లు అడిగింది. చూశానే తల్లీ అని పదిసార్లు చెప్పాను. మా జట్టు తర్వాత ఓడిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

ఎండలు ముదిరాక టెన్నిస్. ఎర్రమట్టి కోర్టు, నాలుగున్నర గంటల ఆట. ఆఖరి పాయింటు దగ్గర అంపైరు బంతి గీత అవతల పడిందన్నాడు. అంటే ఇవతల ఉన్నవాడు గెలిచినట్టే. జనం అప్పుడే చప్పట్లు మొదలుపెట్టారు. గెలిచినవాడు మాత్రం వంగి మట్టిలో గుర్తు చూసి, అంపైరును పిలిచి, బంతి గీత మీదే పడిందని తనే వేలు పెట్టి చూపించాడు. ఆట మళ్ళీ సాగింది, అతను ఓడిపోయాడు. కోర్టు ఊడ్చే పని ఆ రోజు అక్కది. అంతా ఊడ్చింది, ఆ గుర్తొక్కటీ వదిలేసింది. అందరూ వెళ్ళేదాకా దాని పక్కనే నిలబడింది. ఊడ్చవే అంటే, "దీన్ని చెరిపే హక్కున్నవాడే చెరపలేదురా" అంది.

వానల్లో సైకిలు పందెం వచ్చింది. ఆరు రోజుల పందెం, చివరి చుట్టు మా స్టేడియంలో. గెలిచినవాళ్ళకు దండలు పడ్డాయి, కెమెరాలు సర్దేశారు, గేటు మూసేయమన్నారు. అక్క లెక్క చూసి ఇంకొకడు రావాలంది. గంట తర్వాత వచ్చాడు. చక్రం విరిగి, సైకిలు భుజాన వేసుకుని, మోకాళ్ళు చీరుకుపోయి, వానలో నడుచుకుంటూ. గీత దాటేటప్పుడు సైకిలు దించి, విరిగిన చక్రాన్ని నేలకు ఆనించి మరీ దాటించాడు. అతని కోసం చప్పట్లు కొట్టింది మేమిద్దరమూ, గేటు దగ్గర కాపలావాడూ. ఆ గీత వేసింది నేను. ఇన్నేళ్ళలో నా గీత మీద నాకు గౌరవం కలిగింది ఆ సాయంత్రమే. ఎలాగో ఒకడు ఫోటో తీసినట్టున్నాడు, అదీ పేజీలోకి ఎక్కింది.

ఏడాది చివరి పోటీ ఇక తెల్లారితే అనగా, మధ్యాహ్నం మేము సామాన్ల గదిలో ఉన్నాం. మిడత గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అక్క చేతిలోని చీపురు కింద పెట్టి, లేచి, ఎటు చూడాలో తెలియక గోడ వైపు చూసింది.

"పెద్దమ్మా," అంది మిడత, "ఆ రోజు నేను ఎంత దూకాను? మా కోచ్ అదంతా నా భ్రమంటున్నాడు. అంత దూరం నావల్ల కాదంటున్నాడు. నాక్కూడా అలాగే అనిపించడం మొదలైంది. చూసింది మీరే."

అక్క గోడ మీంచి చూపు తిప్పి ఆ పిల్ల వైపు చూసింది. తర్వాత అంకె చెప్పనని, చోటు చూపిస్తానని అంది. తొమ్మిది నెలల తర్వాత ముందు గేటు దారిలో నడిచింది. గుంట దగ్గరకు వెళ్ళి, వెతుక్కోకుండా, తడుముకోకుండా, గట్టు పక్కన ఒక చోట రెండు కాళ్ళూ కలిపి నిలబడింది. ఆమె కాలివేళ్ళకు తిన్నగా ఇసుకలోకి చూసింది మిడత. పలక వైపు చూసింది. మళ్ళీ ఇసుక వైపు చూసింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రేపు ఇక్కడ మీరే ఉండాలి" అంది.

"మళ్ళీ చెరిపేస్తే?"

"చెరపండి. మళ్ళీ దూకుతాను."

మర్నాడు మేస్త్రి అడక్కముందే అక్క మూలనున్న దంతె తీసింది. పోటీ అంతసేపూ, చదును చేసిన ప్రతిసారీ వచ్చి ఆ చోటే నిలబడింది. మిడత మొదటి ఐదు దూకుల్లో రెండు ఎర్రజెండాలు, మిగతావి ఆరు ఎనభై దాటలేదు. చివరిదానికి ముందు ఆమె బాట కొసన నిలబడి గుంటను చూడలేదు, జనాన్ని చూడలేదు. అక్క బూట్లను చూసింది. పరిగెత్తింది. లేచింది. నాకు మళ్ళీ గుండె నొప్పెట్టింది.

అక్క రెండు చేతులతో దంతెను తలకు పైకి ఎత్తి పట్టుకుంది. తెల్లజెండా లేచింది, దించలేదు. మేకు గుచ్చారు, దించలేదు. టేపు లాగారు, బోర్డు మీద ఆరు తొంభై ఆరు అని పడింది, క్లబ్బువాళ్ళు గట్టు దూకి మరీ వచ్చారు, అయినా దించలేదు. ఆఖరికి అధికారే దగ్గరకొచ్చి, అమ్మా, ఇక చదును చేయండి అంటే, నిజంగా కొలవడం అయిపోయిందా అని రెండుసార్లు అడిగి అప్పుడు దించింది. ఆ అధికారి ఎవరనుకున్నారు, టేపు ఎందుకయ్యా అన్నవాడే. ఈసారి నవ్వాడు.

పేపరు పేజీలో ఆ దూకు తొమ్మిదో ఘట్టం. మడమలు ఇసుకను తాకిన క్షణాన తీసిన ఫోటో. కింద గెలిచిన అంకె, మిడత పూర్తి పేరు, క్లబ్బు పేరు. అక్క పేరు లేదు, మొహమూ లేదు. ఫోటో అంచున పాత కాన్వాసు బూట్లు రెండు మాత్రం పడ్డాయి, పక్కపక్కనే కలిపి పెట్టినట్టు. మిడత మడమలకు జానెడు అవతల ఉన్నాయవి. ఏడాదంతటిలోకీ గొప్ప దూకు ఆ బూట్ల దగ్గరుందని తెలిసినవాళ్ళం ముగ్గురమే.

బావ ఆ పేజీని ఒద్దికగా కత్తిరించి, కుట్టుమిషను పైన గోడకు అంటించాడు. ఆయన కత్తెర సవ్యంగా ఆడటం నేను చూసింది అప్పుడే. అక్క దాని ముందు నిలబడి, కళ్ళు చికిలించి, మిడత మడమల నుంచి తన బూట్ల దాకా చూపుతో కొలిచింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

"సరిగ్గానే నిలబడ్డానురా" అంది.

ఆ పూట అక్క అన్నం ముట్టలేదు.