మడమ దగ్గర ఆగిన మేజోడు

వీధి వీధంతా ఆవిడను ఊలు పిన్ని అంటారు. ఆవిడ అల్లిన పువ్వుల మేజోళ్ళు లోపలివైపు తిప్పి చూసినా ముచ్చటగా ఉంటాయని పేరు. ఆ పేరే ఆవిడ కొంప ముంచింది.

పైఅంచుతో మొదలుపెట్టి వేళ్ళదాకా దిగే అల్లిక ఆవిడది. అందులో సుఖమేమిటంటే, అల్లుతూ అల్లుతూనే కాలికి తొడిగి చూసుకోవచ్చు. తన అక్క పుట్టినరోజుకని అల్లిన జతను మాత్రం పిన్ని ఒక్కసారీ తొడిగించి చూడలేదు. అక్క కాలు నాకు తెలీదా అని ధీమా.

తీరా ఆ రోజున, అక్క పనిచేసే రొట్టెల దుకాణం వాళ్ళంతా చుట్టూ ఉండగా, మేజోడు మడమ దగ్గర ఆగిపోయింది. ఎంత లాగినా ఎక్కదు. ఎవరో కిసుక్కున నవ్వారు. పిన్నికి తల కొట్టేసినట్టయింది.

"నీ కాళ్ళు వాచాయక్కా! రోజంతా నిలబడితే వాయవూ మరి!" అనేసింది.

అక్క గబుక్కున పాదాలు కుర్చీ కిందికి లాక్కుంది.

ఇంటికొచ్చి పిన్ని మేజోడులో చెయ్యి పెట్టి చూసింది. పువ్వుకీ పువ్వుకీ మధ్య వెనకనుంచి వెళ్ళే, పువ్వులల్లే ఎర్ర పోగును వదులుగా వదలాలి. లోపల కూడా నున్నగా కనబడాలన్న గొప్పకు పోయి బిగలాగేసింది. ఇంక అల్లిక ఎక్కడ సాగుతుంది? అక్క కాలికంటే చిన్నదైన తన కాలే దూరలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తప్పుగా అల్లినందుకు కాదు, ఆ తప్పును అక్క కాళ్ళమీదికి నెట్టినందుకు. చెప్పేద్దామని రోజూ అనుకునేది, రోజూ ఏదో పని కల్పించుకునేది.

చివరికి అక్కకు సెలవున్న రోజు చూసుకుని వెళ్ళింది. అక్క వంటగదిలో బకెట్లో పాదాలు పెట్టుకుని కూర్చుని ఉంది.

"రా రా. ఉప్పేసిన వేడినీళ్ళు. రోజూ పెడుతున్నా, కాస్త తగ్గినట్టే ఉంది కదూ? ఆ జత తెచ్చావా? అంత కష్టపడి అల్లావు, వేసుకోకపోతే నీ మనసు చివుక్కుమంటుంది."

పిన్ని నేలమీద చతికిలబడింది. "నీ కాళ్ళు వాయనేలేదక్కా. లోపలి పోగు నేనే బిగించేశాను. ఆ రోజే తెలిసింది నాకు."

అక్క పాదాలు బయటికి తీసి, ఒక్కో వేలూ తుడుచుకుంది.

"దుకాణంలో నన్ను కౌంటరు దగ్గర నిలబడొద్దన్నారే," అంది మెల్లిగా. "లోపల కూర్చుని పొట్లాలు కట్టమన్నారు. కాళ్ళు బాగాలేవుగా అని."

పిన్నికి తలెత్తబుద్ధి కాలేదు. సంచిలోంచి మేజోళ్ళు తీసి, లోపలివైపు పైకి వచ్చేలా రెండిటినీ తిరగేసింది.

"దుకాణం తెరిచే ఉంటుంది. చెప్పులేసుకో అక్కా. వాళ్ళందరికీ ఈ బిగించిన పోగు చూపించాలి."