వీరేంద్ర చూడని వాక్యాలు

మా సాయిదుర్గ సాధించిన మొదటి విజయం, పరాయి దేశం వాళ్ళ చేత బటన్ల ఎత్తు పెంచించడం. బ్రౌజర్‌కు తగిలించుకునే యాడ్‌ఆన్లు దొరికే వెబ్‌సైటు ఒకటుంది. అక్షరాలు పెద్దవి చేసేది, పేజీని పైకి చదివి వినిపించేది, ఇలాంటి పనిముట్లన్నీ అందులో ఉంటాయి. దాన్ని తెలుగులో పెడితే బటన్ల మీద వత్తులు అడుగున తెగిపోయేవి. ఇంగ్లీషుకు సరిపోయిన ఎత్తు మనకు చాలదని ఆ పిల్ల ఏడాది పొడుగునా వాళ్ళకు రాస్తూనే ఉంది, ఫొటోలు పంపుతూనే ఉంది. చివరికి పెంచారు.

సాయిదుర్గ నా తమ్ముడి కూతురు. తమ్ముడు పోయాక ముదినేపల్లిలో నా ఇంట్లోనే పెరిగింది. నేను ఊరి బడిలో ఎనిమిదే చదివాను. అయినా మా ఊరికి వరికోత యంత్రం మొదట తెచ్చినవాణ్ణి, సహకార సంఘానికి రెండుసార్లు అధ్యక్షుణ్ణి. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాత్రం దానిదే. ఆకివీడులో చేపల కంపెనీలో బిల్లులు వేసి, ఇంటికొచ్చి ఆ సైటులోని ఇంగ్లీషు మాటల్ని తెలుగు చేసే ఈ పని పట్టేది. దీనికి జీతం లేదు. వాళ్ళమ్మ వెంకటనరసమ్మకు చూపు మందం. పేజీ తెలుగులోకి వచ్చాక, చదివి వినిపించే యాడ్‌ఆన్‌ను ఆవిడ తనంతట తానే తగిలించుకుని వీధంతా చెప్పుకుంది.

ఆ సైటులో ఒక నియమం. ఒకరు రాసిన వాక్యాన్ని వేరొకరు చదివి ఒప్పుకుంటేనే బయటికి వస్తుంది. ఒప్పుకునే మనిషి తాడేపల్లిగూడెం వీరేంద్ర, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకునేవాడు. వీళ్ళిద్దరికీ ఫోనులోనే స్నేహం.

"ఏవండీ దుర్గగారూ, 'తీసెయ్' ఏంటండీ? మీ ఇంటికొచ్చిన చుట్టంతో అలాగే మాట్లాడతారా?"

"'తీసేయండి' అంటే బటన్‌లో పట్టట్లేదండీ."

"ఎత్తు పెంచించారు కదండీ, వెడల్పు కూడా పెంచించండి. మనం తగ్గొద్దండీ!"

నిరుడు ఆ సైటును తీసేసి మొత్తం కొత్తగా కట్టారు. పాత వాక్యాలు చాలావరకు పనికిరాకుండా పోయాయి. డిసెంబరు ఆఖరుకు పూర్తికాని భాషలు కొత్త సైటులో ఉండవన్నారు. దుర్గ మళ్ళీ మొదటినుంచి రాసింది. అప్పటికే వీరేంద్రకు మూత్రపిండాలు చెడ్డాయి. తణుకులో డయాలసిస్ మంచం మీద, సూది లేని చేత్తో ఫోను పట్టుకుని చూసేవాడు.

"నాకు ఓపిక లేనప్పుడు నా పాస్‌వర్డుతో మీరే ఒప్పేసుకోండి."

"అప్పుడు నన్ను తిట్టేదెవరండీ?" అని నవ్వేది దుర్గ.

గడువు ఇంకా ఉండగానే వీరేంద్ర పోయాడు. సగం వాక్యాలు అతను చూడకుండా మిగిలాయి. ఇంకొకరిని ఆ పనిలో పెట్టేసరికి గడువు దాటిపోతుందన్నారు సైటు వాళ్ళు. పాస్‌వర్డు దుర్గ దగ్గరే ఉంది.

"నొక్కెయ్యమ్మా," అన్నాను. "ఆయనే చెప్పాడు కదా. ఎవరు చూడొచ్చారు?"

"ఆయన చదవకుండా ఒక్కటీ ఒప్పుకోలేదు పెదనాన్నగారూ. పోయాక ఆయన పేరు మీద ఎలా ఒప్పుకోమంటారు?"

"మరి మీ అమ్మ మాటేంటి?"

అది లాప్‌టాప్ మూసేసింది. సంఘంలో నా మాట కాదన్నవాళ్ళు లేరు. ఆ పిల్ల మాత్రం కాదంది.

కొత్త సంవత్సరంలో సైటు తెరిస్తే భాషల వరసలో తెలుగు లేదు. కంపెనీవాళ్ళు ఎప్పటినుంచో నెల్లూరు బ్రాంచికి కొన్నాళ్ళు వెళ్ళమంటుంటే, ఈ పని వల్ల తప్పించుకుంటూ వచ్చింది. ఈసారి అడగ్గానే ఒప్పుకుంది. లాప్‌టాప్ వాళ్ళమ్మకు వదిలేసింది. ఫోను చేస్తే తిన్నాను, పడుకున్నాను అంటుంది తప్ప తెలుగు పని ఊసెత్తదు.

మొన్న వెంకటనరసమ్మ లాప్‌టాప్ మూగబోయింది. యాడ్‌ఆన్ మళ్ళీ తగిలించుకోవాలట.

"బావగారూ, ఏది నొక్కాలో కాస్త చూడండి," అంది.

కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. అంతా ఇంగ్లీషు. అక్షరాలు కూడబలుక్కోగలను గానీ, ఏది తగిలించేదో ఏది తీసేసేదో తెలియలేదు. ఏదీ నొక్కకుండా మూసేశాను.

"పోనీలెండి, పిల్ల రానీండి," అంది వెంకటనరసమ్మ.

దుర్గ నెల్లూరు నుంచి వచ్చేది 2026 మార్చి 16, సోమవారం. అప్పటిదాకా ఆ లాప్‌టాప్ మూగదే.