కాళ్లు వేలాడేసిన పిల్ల

ఇప్పటికీ కోడిపిల్లను పట్టుకునే ముందు అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చచేసుకుంటాను. చూసినవాళ్లు ముసలిదాని చాదస్తం అనుకుంటారు. అనుకోనీ. అది చాదస్తం కాదు, భయం. పదేళ్లప్పుడు పట్టుకుంది, ఇంకా వదల్లేదు.

అరకు లోయ పైనున్న కొండవాలులో మా ఊరు. మన్యంలో పితూరీ అణిగిపోయిన మరుసటేడు సంగతి ఇది. మా ఇంట్లో నల్లకోళ్లు ఉండేవి. నల్లవంటే రెక్కో తోకో నలుపు కాదు. ఈక, ముక్కు, కాలు, నాలుక, తలమీద తురాయి, ఆఖరికి కోస్తే ఎముక కూడా నలుపే. ఆ జాతి మా ఇంట్లోను, గెడ్డవాగు అవతలి కొండమీద మా చుట్టాల ఇంట్లోను తప్ప ఇంకెక్కడా లేదు. మామ్మ, అంటే మా అయ్యను కన్నతల్లి, వాటిని వేరే కోళ్లతో కలవనిచ్చేది కాదు. పెట్ట గుడ్లకొచ్చే వేళకు దాన్ని బుట్టలో పెట్టుకుని ఈ కొండ దిగి, ఆ కొండ ఎక్కి, చుట్టాల పుంజు దగ్గర వారం రోజులు ఉంచి తెచ్చేది. ఊరి పుంజు పొరపాటున దాన్ని తొక్కిందా, ఇక ఆ గుడ్లన్నీ కూరలోకే.

మామ్మకు ఇంకో విద్య ఉండేది. గుడ్డు పగిలిన రోజే పిల్ల పుంజో పెట్టో చెప్పేసేది. మెడ వెనక తోలు రెండు వేళ్లతో పట్టి పైకెత్తేది. కాళ్లు పొట్టకు ముడుచుకుంటే పెట్ట, వేలాడేస్తే పుంజు. చూపు మందగించాక ఆ పని నాకు నేర్పింది. నేను చెప్పినవి చాలాసార్లు సరిపోయాయి. ఊళ్లోవాళ్లు బుట్టలు పట్టుకుని "గుంటా, మా పిల్లల్ని సూసి పెట్టవే" అంటూ మా గుమ్మంలోకి వస్తుంటే నా పొగరు చూడాల్సింది. నా నడకే మారిపోయింది.

ఆ ఆషాఢంలో అమ్మకు మూడోనెల. నా తరవాత ఇద్దరు పుట్టారు, ఇద్దరూ కేరుమనకుండానే పోయారు. మా కొండల్లో మంచిరోజులు చూసి మొక్కులు కట్టించే పెద్దను దిసారి అంటాం. అయ్య ఆయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన చేటలో బియ్యం పోసి చాలాసేపు చూశాడు. కొండదేవతకు నల్లపుంజు ఇవ్వాలన్నాడు. కొన్నది పనికిరాదు, ఇంట్లో పొదిగిందే కావాలి. పుట్టిన మూడు రోజుల్లో కాలికి పసుపుతాడు కట్టాలి, కాన్పు దాకా పెంచాలి, పురుడు వెళ్లాక కొయ్యాలి. కట్టిన తాడు మార్చకూడదు.

"పెట్టకి కట్టినారో, తల్లి ఊరుకోదు. కడుపులో ఉన్నదాన్నీ అట్టుకుపోద్ది," అన్నాడు.

ఆ వేసవిలోనే కొక్కెర తెగులు వచ్చి మా కోళ్లన్నీ పోయాయి. మిగిలింది పొదుగులో ఉన్న పెట్ట ఒక్కటే. ఏడు గుడ్లు పెడితే మూడు పిల్లలయ్యాయి.

తాడు కట్టే పొద్దున్న ఒకటే జల్లు. దిసారి, అయ్య, మామ్మ, ఇరుగుపొరుగు అందరూ అరుగుమీద నా చుట్టూ నిలబడ్డారు. తల్లి కిందినుంచి తీసిన రెండు పిల్లలూ కాళ్లు ముడుచుకున్నాయి. మూడోది తల్లి కిందినుంచి ఎప్పుడు జారిపోయిందో, చూరు నీళ్లలో తడిసి గోడవారన నిలబడి ఉంది. దాన్ని ఎత్తాను. కాళ్లు రెండూ వేలాడేసింది.

"పుంజు!" అని అరిచాను.

"సరిగ్గా సూసినావేటే?" అంది మామ్మ.

"సూసినాను మామ్మా. నా సెయ్యి ఎప్పుడు తప్పింది?"

దిసారి తాడు కట్టేశాడు. అమ్మ ఆ పిల్లను చేతిలోకి తీసుకుని ముద్దుపెట్టుకుంది.

మర్నాడు ఎండ కాసింది. ఊరికే, మళ్లీ ఒకసారి చూసుకుని మురిసిపోదామని తాడు కట్టిన పిల్లను ఎత్తాను. కాళ్లు ముడుచుకుంది. దించి మళ్లీ ఎత్తాను. మళ్లీ ముడుచుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. మామ్మ ఏ పిల్లనైనా చూసేముందు కాసేపు రొమ్ముల మధ్య పెట్టుకునేది. ముద్దుకు అనుకున్నాను. ముద్దు కాదు, వెచ్చచేయడం. చలికి బిగుసుకుపోయిన పిల్ల, పుంజైనా పెట్టైనా, కాళ్లు వేలాడేస్తుంది. అంటే తాడు పెట్టకే పడింది.

చెప్పాలనే అనుకున్నాను. రెండుసార్లు అమ్మ దగ్గరికి వెళ్లాను కూడా. ఆవిడ పొట్ట చూడగానే వెనక్కి వచ్చేశాను. చెబితే దేవత వింటుందని భయం. చెప్పకపోతే దేవతకు ఎలాగూ తెలుసని భయం. మిగతా రెండూ పెట్టలే, కాబట్టి తాడు మార్చడానికి కూడా దారి లేదు.

నెలలు గడుస్తున్న కొద్దీ రోజూ దాని తల తడిమి చూసేదాన్ని, తురాయి లేస్తుందేమోనని. నల్లకోళ్లకు తురాయి ఎర్రబడదు గనక పైచూపుకు తేడా అంత తెలియదు. మామ్మకు చూపు లేదు. మేపేదాన్ని నేను. ఎవరికైనా అనుమానం వస్తే చెప్పడానికి అబద్ధం సిద్ధంగా ఉండేది.

"ఇంకా కూత రాలేదేటే దీనికి?" అన్నాడు ఒకరోజు అయ్య.

"తెగులొచ్చిన ఏడు పుట్టింది కదయ్యా, నిదానంగా వత్తాది."

అయ్య నమ్మాడు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ దగ్గినా, నడుం పట్టుకుని కూర్చున్నా, ఇదిగో మొదలైంది, నావల్లే అనుకునేదాన్ని. తోటి పిల్లలు ఆటకు పిలిస్తే వాళ్లమీద విసుక్కునేదాన్ని.

పుష్యమాసం వచ్చింది. పొద్దెక్కినా మంచు విడవని రోజులు. ఆ పొద్దున్న కోళ్లబుట్ట ఎత్తితే తాడు కట్టిన కోడి కింద గుడ్డు. చిన్నది, ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాను. లోపలినుంచి అమ్మ అరుపు వినిపించింది. గుడ్డును చీరచెంగులో ముడేసుకుని పరుగెత్తాను.

పురుడు పోసేది మామ్మే. కళ్లు పోయినా ఆవిడ చేతులకు అన్నీ తెలుసు. అయ్య దిసారి కోసం వెళ్లాడు. మామ్మ నన్ను అమ్మ తల పట్టుకోమంది. ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. బిడ్డ బయటికొచ్చింది. మామ్మ రెండు పాదాలూ పట్టి ఎత్తి వీపు తట్టింది. మళ్లీ తట్టింది. కేరుమనలేదు.

"ఇదీ పోనాదే," అని బిడ్డను గోడవారన గోనెమీద పెట్టి, అమ్మకు రక్తం ఆగడం లేదని అటు తిరిగింది.

అమ్మ ఏడవలేదు. చేత్తో మొహం కప్పుకుంది. నేను బిడ్డ దగ్గరికి పాకాను. ఒళ్లు నీలంగా, తడిగా ఉంది. ఎత్తితే కాళ్లు రెండూ వేలాడేసింది. చూరు నీళ్లలో తడిసిన ఆ పిల్ల ఎలా వేలాడేసిందో, అచ్చం అలాగే.

"మామ్మా, ఇది పోలేదు! దీనికి సలి!" అని అరిచాను. ఇక నోరు ఆగలేదు. "ఆ కోడి పుంజు కాదు మామ్మా. పెట్ట. ఆ దినం తడిసిపోయి సలికి కాళ్లు ఏలాడేసింది, నాను ఎచ్చసెయ్యకుండా సూసినాను. దీన్ని బేగి ఎచ్చసెయ్యి మామ్మా, బేగి!"

తిడుతుందనుకున్నాను. మామ్మ చేతులు చాపి, బిడ్డను నా దగ్గరినుంచి లాక్కుని రొమ్ముల మధ్య పెట్టుకుంది. పైన గొంగడి చుట్టుకుని పొయ్యి ముందుకు జరిగింది.

"పొయ్యి ఎగెయ్. నువ్వు సూడు, నాను రుద్దుతాను."

పుల్లలు తోశాను, ఊదాను. పొగకు కళ్లు మండిపోతున్నాయి. వంగినప్పుడు చెంగులో గుడ్డు చితికి, సొన నా తొడమీదుగా కారింది. తుడుచుకోలేదు. గొంగడి సందులోంచి బిడ్డ పాదాలే చూస్తున్నాను. మామ్మ చెయ్యి దాని వీపుమీద పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది. అమ్మ మొహం మీద చెయ్యి తీసి ఇటే చూస్తోంది.

ఒక కాలు కదిలింది. తరవాత రెండోది. మెల్లగా రెండు మోకాళ్లూ పొట్ట దగ్గరికి వచ్చాయి.

"ముడిసింది మామ్మా," అన్నాను. అప్పుడు బిడ్డ కేరుమంది.

అమ్మకు రక్తం ఆగాక మామ్మ నన్ను దగ్గరికి పిలిచింది. తడిసిన నా చెంగు తడిమి, వేళ్లు వాసన చూసుకుంది.

"పెట్టిందా?"

"పెట్టింది."

"ఎల్లి దాని తాడు తెంపేయి. కొండతల్లితో నాను సెప్పుకుంటాను."

తెంపి వచ్చాను. మామ్మ గొంగడి విప్పి బిడ్డను నావైపు పట్టుకుంది.

"నాకు కళ్లానవు. నువ్వు సూసి సెప్పే. ఆడా, మగా?"

బిడ్డ నా ఎదురుగానే ఉంది. చూస్తూనే ఉన్నాను. అయినా చెప్పడానికి ధైర్యం చాల్లేదు.

"నాకు తెలీదు మామ్మా," అన్నాను.