అవ్వ అడిగే ఒక్క మాట

ఆ ముసలామె మీద నాకున్న కుళ్లు ఇన్నేళ్ల తర్వాత చెప్పుకున్నా సిగ్గే. అయినా ఉన్నదున్నట్టు చెబుతాను.

అరవైల మొదట్లో ముదిగుబ్బ దగ్గర ఒక పల్లెకు నన్ను నర్సుగా వేశారు. గుంతకల్లులో రైల్వే ఉద్యోగి కూతుర్ని, కాన్పుల పని చదివి వచ్చినదాన్ని. తెల్లచీర, చేతిలో తోలుపెట్టె, నాకంటే తెలిసినవాళ్లు ఎవరన్న ధీమా. మంగళవారాలు గర్భిణులు వచ్చేవాళ్లు. బరువు చూసేదాన్ని, కాళ్లు నొక్కి వాపు చూసేదాన్ని, స్పిరిట్ దీపం మీద మూత్రం కాచి చూసి కార్డులో రాసేదాన్ని. వాళ్లు నా దగ్గర పాలపొడి తీసుకొని నేరుగా ఎదురింటి అరుగు మీదికి పోయేవాళ్లు. అక్కడ ఊరి మంత్రసాని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ కూర్చునేది. ఊరందరికీ ఆమె అవ్వే. వీళ్లూ చుట్టూ చేరి ఒలిచేవాళ్లు. నా దగ్గర పెదవి విప్పనివాళ్లు అక్కడ గలగలా మాట్లాడుతుంటే నా కడుపు మండిపోయేది.

అవ్వ అడిగేది ఒక్కటే. ఎవరి మొహమూ చూడకుండా, కాయలు చిదుపుతూ, "ఏం తినాలనిపిస్తాందే?" అనేది. ఒకతె చింతచిగురు అనేది, ఇంకొకతె పుట్టమన్ను అనేది, అందరూ నవ్వేవాళ్లు. ఇదీ ఒక వైద్యమేనా అని నేను మూతి తిప్పుకునేదాన్ని.

ఒక వేసవిలో ఏడో నెల గర్భిణి ఒకామె అత్తతో వచ్చింది. తొలిచూలు బిడ్డ పురిట్లోనే పోయిందట. ఏమడిగినా అత్తే జవాబు చెప్పింది. "బాగ తింటాది, బాగ నిద్రపోతాది నర్సమ్మా." వాపు లేదు, బిడ్డ గుండె గట్టిగా కొట్టుకుంటోంది. 'అంతా బాగుంది' అని రాశాను.

సాయంత్రం అవ్వ నా గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఏం తినాలనిపిస్తాందని ఆ పాపను మూడుసార్లు అడిగినా. ఏమీ వద్దంటాది. కడుపుతో ఉండి ఏమీ కోరకుంటే దానికి బతకాలని ల్యా నర్సమ్మా. ఒంటిగా బాయికి పంపొద్దని ఆ అత్తకు చెప్పు. నువ్వు చెప్తే వింటాది."

నా గర్భిణి సంగతి నాకే చెబుతుందా అని ఒళ్లు మండింది. "నా కార్డులో అంతా బాగుండాది. నువ్వు పొయ్యి నీ శెనక్కాయలు చూసుకో" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? మర్నాడు పనిగట్టుకొని ఆ ఇంటికి వెళ్లి, నడిస్తే మంచిదే, నీళ్లకు పంపమని అత్తకు చెప్పి వచ్చాను. తిరిగి వస్తున్నప్పుడు ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తు.

మూడోనాటి పొద్దున ఆ గర్భిణి బిందె గట్టున వదిలేసి బావి మెట్లు దిగింది. వానలు లేక నీళ్లు ఎక్కడో అడుగున ఉన్నాయి. బిందె లేకుండా దిగేవాళ్లు ఎవరూ ఉండరు. అవ్వ ఆ రెండు రోజులూ, ఆ వయసులో, ఆమె వెనకాలే తిరిగిందట. చివరి మెట్టు మీద జుట్టు పట్టి లాగి, ఒళ్లో వేసుకొని కూర్చుంది.

నేను పరుగున వెళ్లేసరికి ఊరంతా గట్టున ఉంది. అత్త నన్ను చూడగానే గొంతెత్తింది.

"నీళ్లకు పంపమన్నది నర్సమ్మే గదా!"

అవ్వ నా వైపు చూడనైనా చూడలేదు.

"పంపమన్నదీ నర్సమ్మే, ఎనకనే పొమ్మని నాకు చెప్పిందీ నర్సమ్మే. ఇంట్లో కుచ్చుంటే దిగులు పెరుగుతాదని" అంది.

నేను ఆ మాటను కాదనకుండా గబగబా మెట్లు దిగి ఆమె నాడి పట్టుకున్నాను.

ఆ తర్వాత అత్తల్ని బయట కూర్చోబెట్టడం, గర్భిణి పక్కన కూర్చొని కాయలు ఒలుస్తూ అవ్వ మాటే అడగడం నేర్చుకున్నాను. ఏమీ వద్దన్నవాళ్ల కార్డు విడిగా పెట్టేదాన్ని. ఆ బావి దిగినామె కాన్పు అవ్వా నేనూ కలిసి చేశాం. నెల తిరిగాక ఆమె బిడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నువ్వు ల్యాకుంటే ఈ బిడ్డ ల్యాదు నర్సమ్మా" అంది.

ఎదురరుగు మీద అవ్వకు ఆ మాట వినపడింది. తలెత్తకుండా కాయలు ఒలుచుకుంటోంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను నాకు మళ్లీ రాలేదు. బిడ్డను ఎత్తుకొని ముద్దు పెట్టుకున్నాను.