పాటల గదిలో వదిన గొంతు

సింహాచలం అప్పన్న సాక్షి. ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో పళ్లికిలిస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

మా వదినకి ఐదుగురు విదేశీ కుర్రాళ్ల బృందం ఒకటి పాడే పాటలంటే పిచ్చి. అంట్లు తోముతున్నా అవే పాటలు. ఆ భాష ఒక్క ముక్క రాదు. పైగా ‘చ’ పలకదు, మా వైపు అంతే కదా... చేపలు సేపలే. వాళ్ల పల్లవిలో ‘చా చా’ అని వస్తుంది. ఈవిడ ‘సా సా’ అని రాగం తీసేది. ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్లం.

అలాంటి మనిషికి గొంతు ఆపరేషన్ అయ్యాక మాట పోయింది. మెల్లగా వస్తుందన్నారు డాక్టరుగారు. రోజూ ‘హ్... హ్...’ అని సాధన చేసేది. ఆ బొంగురు చప్పుడు వింటే చాలు, మాకెంత ఆశో!

బీచ్ రోడ్డులో ఆ బృందం పేరు మీద మ్యూజియం పెట్టారని తెలిసి, పెందుర్తి నుంచి తనని నేనే లాక్కెళ్లాను. వెళ్లేసరికే చీకటి పడింది. లోపలన్నీ మనం ఆడించి చూసేవే. నేల తొక్కితే లైట్లు వెలుగుతాయి. మనం చెయ్యి ఊపితే తెర మీద కుర్రాళ్లూ ఊపుతారు. చాలా రోజుల తర్వాత వదిన నవ్వింది.

చివర్లో పాటల గది. చిన్న అద్దాల గది. మైకులో పాడితే, మన గొంతుని వాళ్ల గొంతులతో కలిపి వినిపిస్తుందట. వదిన నేరుగా అటే నడిచింది.

“గొంతు లేకుండా ఏటి పాడతావ్ వదినా? రా, ఎల్లిపోదాం,” అన్నాను.

వింటేగా! నేనూ వెనకాలే దూరాను. తలుపు మూసుకుంది... బయటి సందడి ఠక్కున ఆగిపోయింది.

పాట మొదలైంది. వదిన పెదాలు కదిపింది. అంతే. నేను పక్కనే ఉన్నాను... ఊపిరి తప్ప ఇంకో చప్పుడు లేదు.

పాట అయిపోయింది. తెర మీద చక్రం తిరిగింది... తిరిగింది... స్పీకర్లో కుర్రాళ్లు అందుకున్నారు. వాళ్ల వెనకాల... సన్నగా... ఒక ఆడగొంతు.

‘సా... సా...’

వదిన నా మణికట్టు పట్టేసుకుంది. ఆ గొంతు పల్లవి మొత్తం పాడింది. మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది... ఆఖర్న చిన్న నవ్వు. అది మా వదిన నవ్వే.

బయటికొచ్చి అక్కడ పనిచేసే అమ్మాయిని పట్టుకున్నాను. “ఓలమ్మా, ఆ గొంతు ఎవులిది?”

“ముందు పాడినోళ్లది కలిసిపోనాదేమో అక్కా.”

“అయితే ఇంకోపాలి ఎయ్యమ్మా.”

“అవ్వదక్కా. పాట అవ్వగానే అంతా సెరిగిపోద్ది.”

“సెరిగిపోతే ముందోళ్లది ఎలాగొచ్చినాదే?”

ఆ పిల్ల గబగబా లైట్లు ఆర్పడం మొదలెట్టింది.

ఇంటికొచ్చాక వదిన సాధనకి కూర్చుంది. నోరు తెరిచింది. ఏమీ రాలేదు... ఆ ‘హ్’ కూడా. ఆ రోజు నుంచీ అంతే.

డాక్టరుగారు లైటు వేసి చూశారు. “లోపలంతా మానిపోయిందమ్మా, మాట రావాలే!” అన్నారు. వదిన ఆయన వంక చూడనే లేదు. నా వైపు తిరిగి, నాకు అర్థమయ్యేదాకా, పెదాలతోనే మెల్లగా అడిగింది.

“నా గొంతు అక్కడే ఉండిపోనాదా?”

“అదేటి మాట వదినా!” అని కసిరాను. కానీ లేదని మాత్రం గట్టిగా అనలేకపోయాను. ఇప్పటికీ అనలేను.