గుండె ఆపరేషన్‌కి పంటి చీటీ

ఆ రోజుల్లో జబ్బు చేయడమనేది ఇతరులకు మాత్రమే జరిగే విషయమని నా గట్టి నమ్మకం. నాకు ముప్పై నాలుగేళ్ళు. రేపల్లెలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు ఉద్యోగం, మెడలో ఈల, కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లు, టెన్నికాయిట్‌లో రెండు కప్పులు (ఒకటి నిజంగా గెలిచింది, రెండోది అవతలి జట్టు బస్సు తప్పిపోతే ఇచ్చింది). ఆయాసంగా ఉందన్న పిల్లని గ్రౌండు చుట్టూ ఇంకో రౌండు పరిగెత్తించే రకాన్ని. అలాంటి నాకే ఆయాసం మొదలైంది. మేడ మీది స్టాఫ్ రూముకి వెళ్తూ మెట్ల మధ్యలో ఆగిపోయి, ఎవరైనా చూస్తారేమోనని వంగి బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటించేదాన్ని. ఊడని లేసుల్ని రోజుకు ఎన్నిసార్లు కట్టేదాన్నో లెక్కే లేదు.

చివరికి మా వారు గుంటూరులో గుండె డాక్టరు గారి దగ్గరికి లాక్కెళ్ళారు. చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్ళ జ్వరం, వెళ్తూ వెళ్తూ గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి వెళ్ళిందట. దాన్ని తీసేసి కొత్తది పెట్టాలన్నారు. "ఆలస్యం చేయొద్దమ్మా. నెల లోపల అయిపోతే మంచిది. ఆ తర్వాత గుండె అలిసిపోతుంది, అప్పుడు చేసినా ఇంత లాభం ఉండదు" అన్నారాయన. మా వారు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. నేను మాత్రం రైలు ఎన్నింటికని అడిగినంత తాపీగా "చేశాక మళ్ళీ పరిగెత్తొచ్చాండి?" అనడిగాను. "అందుకేగా చేసేది" అన్నారు. ఇంకేం, బడికొచ్చి విషయం చెప్పాను. హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళు తుడుచుకుంటే నేనే ఓదార్చాను. "నీకున్న గుండె నిబ్బరం మాకెవరికీ లేదు తల్లీ" అందావిడ (బాగుచేయించుకోవలసిందీ ఆ గుండెనే అన్న సంగతి ఇద్దరం మర్చిపోయాం). ఆ పొగడ్త రెండు వారాల పాటు నా నెత్తి మీద కిరీటంలా ఉంది.

కిరీటం జారింది పంటి దగ్గర. ఆపరేషన్‌కి ముందు చేయించుకోవలసిన పరీక్షల కాగితం ఒకటిచ్చారు. అందులో రక్తం, ఎక్స్‌రే వగైరాల కింద, పళ్ళ డాక్టరు దగ్గర నోరు బాగుందని చీటీ తేవాలని ఉంది. పుచ్చిన పంటిలోని క్రిములు రక్తంలో కలిసి కొత్త కవాటాన్ని పట్టుకుంటాయట. చీటీ తెస్తేనే ఆపరేషన్‌కి తారీఖు. నా నోట్లో కింద ఎడమవైపు ఒక దవడపన్ను పుచ్చి అప్పటికి మూడేళ్ళు. దాని పక్కన లవంగం పెట్టుకుని, కుడివైపు నములుతూ, ఎవరికీ తెలియకుండా కాపురం నడుపుతున్నాను. ఎందుకంటే చిన్నప్పుడు మా మేనమామని నలుగురు అదిమి పట్టుకుని పన్ను పీకించడం చూశాను. ఆ నలుగురిలో ఒకరు మా నాన్నే. ఇంట్లో వాళ్ళ మీద నమ్మకం ఆ రోజే సగం పోయింది.

పళ్ళ డాక్టరు గారుండేది తెనాలిలో. ఆయన్ని చెప్పింది మా అత్తయ్య. ఆవిడ బాపట్లలో మా బావగారి దగ్గర ఉంటుంది గానీ పుట్టిల్లు తెనాలి పక్కనున్న నందివెలుగు కాబట్టి, ఆవిడ లెక్కలో వైద్యమంటే తెనాలిలోనే చేయించుకోవాలి. మొదటిసారి నేనొక్కదాన్నే వెళ్ళాను. డాక్టరు గారి గుమ్మం ముందు చెప్పులు విప్పాను. లోపల్నించి ఏదో మర గుయ్యిమంది. చెప్పులు వేసుకున్నాను. ఇంటికొచ్చి "డాక్టరు గారు ఊళ్ళో లేరటండీ" అని మా వారికి చెప్పాను. రెండోసారి అంత దూరం కూడా వెళ్ళలేదు. తెనాలి పాసింజరు వేమూరులో ఆగగానే దిగిపోయి, ఎదురొచ్చే బండి కోసం బెంచీ మీద కూర్చుని, వేరుశనక్కాయలు కొనుక్కుని (కుడివైపే) నమిలాను. ఈసారి డాక్టరు గారికి జ్వరం తెప్పించాను. ఇలా నెలలో మొత్తం మూడు వారాలు గడిచిపోయాయి. అప్పటికి జడ వేసుకోవాలన్నా మధ్యలో చేతులు దించి ఆయాసం తీర్చుకోవలసి వస్తోంది. గ్రౌండులో నా ఈల కూడా సగంలోనే ఆగిపోతోంది. నెలలో మిగిలింది వారమే.

మా వారు కొత్తగా కొన్న సెల్‌ఫోన్లో తెనాలికి ఫోన్ చేసి, ఆ డాక్టరు గారికి ఒంట్లో ఎలా ఉందని పరామర్శించారు. ఆయన నిక్షేపంగా ఉన్నారు. మా వారు వెంటనే బాపట్లకి ఇంకో ఫోన్ చేశారు, అంతే.

మర్నాడు, తెనాలిలో అమ్మ ఎదురుచూస్తుంటుందని చెప్పి మా వారు నన్ను బండెక్కించారు. స్టేషన్లో దిగేసరికి, బాపట్ల బండిలో ముందే వచ్చేసిన అత్తయ్య చేతిసంచీతో నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. "నా పన్ను కూడా ఒకటి కదులుతోంది అమ్మాయ్. ఎటూ వస్తున్నావుగా, నేనూ తీయించేసుకుంటా. ముందు నేను వెళ్తా. నొప్పుంటే నీకు చెప్తా, లేచి వెళ్ళిపోదాం" అంది. "నిజంగా వెళ్ళిపోదామా అత్తయ్యా?" అన్నాను, పదేళ్ళ పిల్లలా. "నీతో నాకు అబద్ధమెందుకే" అంది.

గుండె జబ్బున్న వాళ్ళు ముందుగా వేసుకోవలసిన బిళ్ళలేవో ఇచ్చి, నన్ను గంటసేపు బయట కూర్చోబెట్టారు. ఆ గంటలోనే అత్తయ్య లోపలికి వెళ్ళింది. చెవులు రిక్కించి విన్నాను. చిన్న మూలుగు కూడా లేదు. పావుగంటకి దూది కరుచుకుని బయటికొచ్చి, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి, చీమ కుట్టినంత, అని చూపించి, నా భుజం పట్టుకుని లేపింది. నేను లోపలికి వెళ్ళాను.

సూది వేసి, దవడ మొద్దుబారేదాకా డాక్టరు గారు కబుర్లలో పడ్డారు. "మీ అత్తగారి పన్ను తీస్తానని ఏడాదిగా చెప్తున్నానమ్మా. అటువైపు నమలడానికి అదొక్కటే ఉంది, కదిలితే కదలనీండి, పోయేదాకా దానితోనే జంతికలు తింటా అనేవారు. ఇవాళ వచ్చి, గబగబా తీసెయ్యండి బాబూ, మా పిల్ల బయట కూర్చుంది, మళ్ళీ పారిపోతుంది అన్నారు" అన్నారు. అంతే, నాకు ఏడుపొచ్చేసింది. ఆయన కంగారుపడి "సూది నొప్పిగా ఉందా?" అన్నారు. "లేదండి. పన్ను తీసేస్తే ఇంక ఆపరేషన్ తప్పదు కదండీ" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చేదాకా నాకే తెలియదు, ఇన్నాళ్ళూ నేను భయపడింది పంటికి కాదని. రొమ్ము కోసి గుండెను ఆపుతారట, మళ్ళీ కొట్టుకోకపోతే ఏం గతి అని, ఆ భయాన్నంతా తీసుకెళ్ళి ఒక పుచ్చుపంటిలో దాచాను. డాక్టరు గారు నన్ను ఏడవనిచ్చి, ఆ తర్వాతే పన్ను తీశారు. నిజం చెప్పాలంటే పన్ను ఎప్పుడు వచ్చిందో నాకు తెలియలేదు.

గంటసేపు మాట్లాడొద్దని ఇద్దరికీ నోట్లో దూది పెట్టి పంపారు. ఊరంతటికీ వినపడేలా మాట్లాడే అత్తాకోడళ్ళం, తెనాలి ప్లాట్‌ఫారం మీద నోళ్ళు మూసుకుని, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. నా బండి వచ్చేదాకా ఆవిడ చెయ్యి వదల్లేదు. చీటీ నా హ్యాండ్‌బ్యాగులో ఉంది.

ఆ వారంలోనే ఆపరేషనైంది. కొత్త కవాటం తన పని తాను చేసుకుపోతోంది. ఏడాది తిరక్కుండానే మళ్ళీ ఈల ఊదాను, పరిగెత్తాను కూడా. ఆయాసంగా ఉందన్న పిల్లల్ని మాత్రం నీడలో కూర్చోబెట్టి, వాళ్ళమ్మానాన్నలకి కబురు పెట్టేదాన్ని. కాస్త కోలుకున్నాక ఒకరోజు అత్తయ్యని అడిగాను, "ఆ రోజు చీమ కుట్టినంతే అన్నారుగా, నిజమేనా?" అని. జంతికని రోట్లో వేసి పొడి కొట్టుకుంటూ తలెత్తకుండా చెప్పింది: "ప్రాణం పోయిందనుకో. ఉన్నదున్నట్టు చెప్తే నువ్వు లోపలికి వెళ్ళేదానివా?" ఆవిడ చేతిలోని రోకలి అందుకుని మిగతా పొడి నేనే కొట్టిపెట్టాను. ఆవిడకి నేను ఎంత రుణపడ్డానో ఈనాటికీ సరిగ్గా చెప్పలేకపోయాను.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటించిన ఆ డ్రిల్లు టీచరమ్మ ఎక్కడైనా ఎదురైతే, భయంగా ఉంటే భయంగా ఉందని చెప్పు తల్లీ, ఎవరూ నవ్వరు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదనుకోండి. దాని దగ్గరికి నేను వెళ్ళి లాభం లేదు, వాళ్ళత్తగారినే పంపాలి.